ఇంటిపై సోలార్: ఎవరికి లాభం, ఎన్ని కిలోవాట్లు చాలు?

ఏప్రిల్‌లో ఒకే వారంలో నాకు రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది కనిగిరి దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త. "ఒరేయ్, మా వీధిలో ఇద్దరు సోలార్ పెట్టించుకున్నారు. నేనూ పెట్టించుకోనా?" అంది. రెండోది హనుమకొండ నుంచి మా అక్క. "తమ్ముడూ, 3 కిలోవాట్లకు కొటేషన్ ఇచ్చారు. తీసుకోమంటావా?" అని అడిగింది. అత్తకు వద్దన్నాను. అక్కకు 3 వద్దు, 2 చాలన్నాను. అదే ఎండ, అవే పలకలు, కేంద్రం ఇచ్చేదీ ఒకే సబ్సిడీ. మరి జవాబులు ఎందుకు మారాయో ఫోన్‌లో చెప్పడం కుదరలేదు. అందుకే లెక్కతో సహా ఇక్కడ రాస్తున్నాను.

అమ్మేవాళ్లు "సోలార్ యూనిట్ రెండున్నర రూపాయలే" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ మీకు మిగిలే డబ్బు, ఆ యూనిట్ మీ బిల్లులో ఏ యూనిట్‌ను కొట్టేస్తుందనే దాన్ని బట్టి ఉంటుంది. రూ.8.75 యూనిట్‌ను కొట్టేస్తే బంగారం. రూ.1.90 యూనిట్‌ను కొట్టేస్తే నష్టం.

ముందు బిల్లు చదవండి

ఆంధ్రప్రదేశ్‌లో గృహ వినియోగానికి శ్లాబులు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆ పైన రూ.9.75. మెట్లు ఎక్కినట్టు రేటు పెరుగుతుంది. సోలార్ పెట్టినప్పుడు పైమెట్టు నుంచి కిందికి కోత పడుతుంది. అన్నిటికంటే ఖరీదైన యూనిట్లే ముందు పోతాయి.

నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లు తీసుకోండి. ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ, ఇంధన సర్దుబాటు పక్కన పెడితే బిల్లు రూ.1,673. మన ప్రాంతంలో 1 కిలోవాట్ సగటున రోజుకు 4 యూనిట్లు, అంటే నెలకు 120 ఇస్తుంది. ఒక కిలోవాట్ పెడితే బిల్లు రూ.747కు దిగుతుంది. మిగులు రూ.926. రెండో కిలోవాట్ పెడితే రూ.147కు దిగుతుంది. దాని వల్ల మిగిలేది రూ.600. మూడో కిలోవాట్‌కు కొట్టేయడానికి ఆ రూ.147 మాత్రమే ఉంటుంది. మిగతా 60 యూనిట్లు గ్రిడ్‌లోకి పోతాయి. వాటికి డిస్కం (కరెంటు సరఫరా సంస్థ) ఇచ్చే ధర మనం కట్టే ధరకంటే బాగా తక్కువ.

ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం. పీఎం సూర్యఘర్ పథకంలో సబ్సిడీ 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000, మూడో కిలోవాట్‌కు రూ.18,000. గరిష్ఠంగా రూ.78,000. ఆ పైన 5 కిలోవాట్లు పెట్టినా 10 పెట్టినా అంతే. మామూలు ఎత్తు స్ట్రక్చర్‌తో (పలకలను నిలబెట్టే ఇనుప చట్రం) 2 కిలోవాట్లకు రూ.1.4 లక్షలు, 3 కిలోవాట్లకు రూ.2 లక్షలు అడిగారనుకుందాం. సబ్సిడీ పోను చేతి నుంచి పడేది రూ.80,000, రూ.1,22,000. 2 కిలోవాట్ల వల్ల ఏడాదికి రూ.18,300 మిగులుతుంది కాబట్టి నాలుగున్నర ఏళ్లలోపే అసలు తిరిగొస్తుంది. మూడో కిలోవాట్‌ను విడిగా లెక్కేయండి. దాని కోసం అదనంగా పెట్టేది రూ.42,000. మిగులు యూనిట్‌కు రూ.2 వస్తుందనుకున్నా ఏడాదికి వచ్చేది రూ.3,200. అంటే 13 ఏళ్లు.

కొటేషన్ ఇచ్చేవాళ్లు ఈ ముక్క చెప్పరు. మూడు కిలోవాట్లను కలిపి సగటు తీసి "ఆరేళ్లలో వచ్చేస్తుంది సార్" అంటారు. ఆ సగటులో మొదటి రెండు కిలోవాట్లు మూడోదాన్ని మోస్తుంటాయి.

అలాగని మూడో కిలోవాట్ ఎవరికీ వద్దని కాదు. రెండు ఏసీలు తిరిగి, నెలకు 450 యూనిట్లు వచ్చే ఇంట్లో అదే మూడో కిలోవాట్ నెలకు రూ.667 మిగులుస్తుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ కొనబోతున్నా, గ్యాస్ స్టవ్ నుంచి ఇండక్షన్‌కు మారాలనుకున్నా దానికి పని దొరుకుతుంది. మీ ఇంటి 12 నెలల బిల్లులు వరుసగా పెట్టుకుని సగటు తీయండి. మే నెల బిల్లు ఒక్కటే చూసి నిర్ణయం తీసుకుంటే టెన్షన్‌లో పెద్దది పెట్టించుకుంటారు.

మా మేనత్తకు నెలకు వచ్చేది 70 యూనిట్లు. బిల్లు రూ.177. ఒక కిలోవాట్‌కు సబ్సిడీ పోను రూ.40,000 పెట్టినా ఏడాదికి మిగిలేది రూ.2,124. పెట్టుబడి రావడానికి 19 ఏళ్లు పడుతుంది. అత్తకు ఇప్పటికే 64. ఆ డబ్బు పోస్టాఫీసులో వేసుకోమన్నాను. ఆమె ఎస్సీ, ఎస్టీ కుటుంబానికి చెంది ఉంటే మాట వేరు. ఆ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టించే ఏర్పాటును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. సొంత డబ్బు పెట్టనప్పుడు తిరిగి రావడమనే లెక్కే ఉండదు.

తెలంగాణలో 200 దగ్గర గట్టు

తెలంగాణలో శ్లాబుల తీరు కొంచెం వేరు. 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 200 యూనిట్లకు బిల్లు రూ.820. 201 అయితే రూ.1,028 దాకా వెళ్తుంది. ఒక్క యూనిట్ తేడాకు రూ.208. మా అక్కవాళ్లు 300 వాడతారు, వాళ్ల బిల్లు రూ.1,790. ఒక కిలోవాట్ పెడితే 180కి దిగి, ఆ గట్టు దాటి కిందికి వచ్చేస్తారు. బిల్లు రూ.724 అవుతుంది. రెండోది పెడితే రూ.130లోపు. మూడోదానికి కొట్టేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. అందుకే 2 చాలన్నాను.

గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్న ఇళ్లకు సోలార్ వల్ల మిగిలేది ఏమీ లేదు. ఆ పథకం ఉన్నంతకాలం వాళ్లు తొందరపడనక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ వ్యవసాయ పంపుసెట్లకు ఉచిత కరెంటే కాబట్టి, లైను ఉన్న బోరుకు సొంత డబ్బుతో సోలార్ పంపు పెట్టుకోవడం కూడా ఇలాంటిదే. లైను లేని కొండవాలు పొలానికి, ఇప్పటిదాకా డీజిల్ ఇంజిన్‌తో తడి పెడుతున్నవారికి మాత్రం సోలార్ పంపును మించింది లేదు.

అందరికంటే ఎక్కువ లాభపడేది పగలు నడిచే వ్యాపారాలు. జిరాక్స్ షాపు, డెంటల్ క్లినిక్, చిన్న ప్రైవేటు స్కూలు ఇలాంటివి. వీటికి గృహ సబ్సిడీ రాదు. అయినా వాణిజ్య కనెక్షన్‌లో పై శ్లాబుల ధర యూనిట్‌కు రూ.10 చుట్టుపక్కల ఉంటుంది. ఎండ కాసే గంటల్లోనే వాడకం ఉంటుంది.  షాపు ఉండీ ఇంటిపై పెట్టాలా షాపుపై పెట్టాలా అని ఆలోచించేవాళ్లను నేను షాపు వైపే పంపిస్తాను.

ఆన్‌గ్రిడ్, హైబ్రిడ్, ఉత్త ఇన్వర్టర్

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకు కలిపే ఆన్‌గ్రిడ్ సోలార్ పెట్టించుకుంటే కరెంటు పోయినప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఇంట్లో ఫ్యాను తిరగదు. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగలకుండా ఇన్వర్టర్ దానంతట అదే ఆగిపోతుంది. అలా ఆగాలి కూడా. ఈ సంగతి ముందే చెప్పకపోతే, పెట్టించుకున్న వారానికే గొడవలు మొదలవుతాయి.

"అయితే బ్యాటరీతో హైబ్రిడ్ పెట్టించుకోండి" అనేది వెంటనే వచ్చే సలహా. దాని లెక్క చూద్దాం. 5 యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ తేడా కలిపి రూ.లక్ష అదనం అనుకుందాం. రోజూ నాలుగున్నర యూనిట్లు తీసి వాడినా పదేళ్లలో వచ్చేది 16,000 యూనిట్లు. నిల్వ చేయడానికే యూనిట్‌కు రూ.6 పైన పడింది. పలకల ఖర్చు, మధ్యలో ఒకసారి ఇన్వర్టర్ మార్పు, శుభ్రతకు అయ్యేది కలిపి ఇరవై ఏళ్లకు లెక్కేస్తే 2 కిలోవాట్ల సోలార్ యూనిట్ రూ.2.50 దగ్గర తేలుతుంది. రెండూ కలిపితే రూ.8.70. గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లను తీసుకున్నవాటిలోంచి తీసేసి లెక్కగట్టే నెట్ మీటర్ ఉన్నంతవరకు గ్రిడ్డే మీకు పైసా అడగని బ్యాటరీ. పగలు దాచి రాత్రి తీసుకుంటున్నారు. అలాంటప్పుడు డబ్బు ఆదా కోసం బ్యాటరీ కొనడం నా దృష్టిలో తప్పు.

కోతలే బాధ అయితే, రోజుకు గంటా రెండు గంటలు పోయే ఊళ్లో ఆన్‌గ్రిడ్ సోలార్‌తో పాటు మామూలు ఇన్వర్టర్, ఒక 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ చాలు. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, వైఫై నడుస్తాయి. ఆక్సిజన్ మెషిన్ మీద ఆధారపడ్డ పెద్దవాళ్లు ఉన్న ఇల్లయితే, తుపాను వస్తే రోజుల తరబడి కరెంటు రాని తీరం అయితే హైబ్రిడ్ తీసుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖలో గడిపిన రాత్రులు గుర్తున్నవాళ్లకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ యూనిట్ రూ.8.70 పడ్డా నేను తప్పుపట్టను. కరెంటు లైనుతో సంబంధమే లేని పూర్తి ఆఫ్‌గ్రిడ్ అనేది లైను లేని తోట ఇంటికి తప్ప ఇంకెవరికీ వద్దు.

బ్యాటరీ ధర మాత్రం గట్టిగా పడిపోతోంది. 2022లో సౌరవిద్యుత్ సంస్థ సెకీ పిలిచిన తొలి పెద్ద బ్యాటరీ టెండర్‌లో మెగావాట్‌కు నెలకు రూ.10.83 లక్షల అద్దె పలికింది. 2024 చివర్లో రాజస్థాన్ టెండర్‌లో, కేంద్రం ఇచ్చే సాయం కలుపుకొని, రూ.2.21 లక్షలకు దిగింది. ఇళ్ల బ్యాటరీలకు ఆ తగ్గుదల ఆలస్యంగా వస్తుంది. అందుకే ఇప్పుడు ఆన్‌గ్రిడ్ పెట్టుకుని, బ్యాటరీని తర్వాత కలుపుకునే వీలున్న ఇన్వర్టర్ తీసుకోవడం నాకు నచ్చిన దారి.

రాష్ట్రం లెక్కా ఇలాంటిదే

మన ఇంటి లెక్కనే రాష్ట్రమంతటికీ వేసి చూడండి. 2010లో జాతీయ సౌర మిషన్ తొలి వేలంలో సోలార్ యూనిట్‌కు పలికిన కనిష్ఠ ధర రూ.10.95. 2015లో కర్నూలు జిల్లా గని ప్రాజెక్టుకు రూ.4.63. 2017లో కడప సోలార్ పార్కుకు రూ.3.15, మరుసటి నెలలోనే రాజస్థాన్‌లోని భడ్లాలో రూ.2.44. 2020 డిసెంబరులో గుజరాత్‌లో రూ.1.99. ఆ తర్వాత 2022లో దిగుమతి పలకలపై 40 శాతం సుంకం వేశారు. ధర మళ్లీ రూ.2.50 చుట్టూ చేరింది. అయినా పదేళ్లలో నాలుగో వంతుకు పడిపోయిన వస్తువు మన జీవితంలో ఇంకేం ఉంది?

కొత్తగా కట్టే బొగ్గు కేంద్రం వైపు చూస్తే, బిహార్‌లోని పీర్‌పైంతి ప్రాజెక్టుకు 2025లో కుదిరిన ధర యూనిట్‌కు రూ.6.075. ఇక్కడితో ఆపితే సోలార్ గెలిచినట్టే. కానీ సాయంత్రం ఏడు గంటలకు మనందరం లైట్లు, ఏసీలు వేసేసరికి పలకలు పడుకుంటాయి. ఆ గంటలో కరెంటు ఇవ్వలేని రెండున్నర రూపాయల యూనిట్‌ను, ఇవ్వగల ఆరు రూపాయల యూనిట్‌తో నేరుగా పోల్చకూడదు. బ్యాటరీ కలిపిన సోలార్‌తో పోల్చాలి. 2024 డిసెంబరులో సెకీ వేలంలో అలాంటి కరెంటుకు రూ.3.52 పలికింది. 2025 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని మురైనాలో ఉదయం, సాయంత్రం పీక్ గంటలతో సహా ఇచ్చే ప్రాజెక్టుకు రూ.2.70 వచ్చింది. రాత్రంతా ఇచ్చే కరెంటు కాదది, కాబట్టి బొగ్గు పని అయిపోయిందని నేను అనను. అయితే పీక్ గంట కోసమే కొత్త బొగ్గు కేంద్రం కట్టాలన్న వాదనకు ఈ ధరల ముందు బలం లేదు.

నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ఈ పని కోసమే. పగటి చౌక కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. రామగుండంలో ఇంకో సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. బొగ్గు కేంద్రం జలాశయం మీదే 2022 జులై నుంచి 100 మెగావాట్ల తేలియాడే సోలార్ పూర్తిగా నడుస్తోంది. ఎకరం భూమి కొనలేదు. పక్కనే పొగగొట్టాలు, కింద నీళ్లు, మధ్యలో పలకలు.

దీనికి మన మిద్దెతో సంబంధం ఉంది. పగటి కరెంటు చౌకవుతున్న కొద్దీ పగలు ఒక రేటు, సాయంత్రం ఒక రేటు వేయాలని కేంద్రం 2023లోనే నిబంధన తెచ్చింది. సౌర గంటల్లో మామూలు రేటుకంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని అందులో ఉంది. స్మార్ట్ మీటర్లతో అది ఇళ్లకూ వస్తే, పగలు గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్ విలువ తగ్గి, సాయంత్రం తీసుకునే యూనిట్ విలువ పెరుగుతుంది. అప్పుడు బ్యాటరీ లెక్క తిరగబడవచ్చు. 2 కిలోవాట్లతో మొదలుపెట్టమని నేను పట్టుబట్టడానికి ఇది రెండో కారణం.

పలక, స్ట్రక్చర్, నీడ

పలకల్లో ఇప్పుడు పోటీ మోనో పెర్క్, టాప్‌కాన్ అనే రెండు రకాల మధ్యే. పలక మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన మే నెలలో పలక 60 డిగ్రీలు దాటుతుంది. ప్రతి డిగ్రీకీ పెర్క్ దాదాపు 0.35 శాతం, టాప్‌కాన్ 0.30 శాతం కోల్పోతుంది. తేడా కొద్దిగానే, కానీ మన ఎండలకు అది ఏడాది పొడవునా పని చేస్తుంది. ధరలో పెద్ద తేడా లేకపోతే టాప్‌కాన్ తీసుకోండి. సబ్సిడీ కావాలంటే సెల్ కూడా దేశంలోనే తయారైన పలక అయి ఉండాలి. కొటేషన్‌లో ఆ మాట రాయించుకోండి.

బ్రాండ్ల మీద గంటలు గడిపి, స్ట్రక్చర్ గురించి ఎవరూ అడగరు. ఎగిరిపోయేది అదే. తీరంలో ఉంటే హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) చేసినదే పెట్టించండి. మామూలు ఇనుముకు రంగు వేసి ఇస్తే ఉప్పుగాలికి మూడేళ్లలో తుప్పు మొదలవుతుంది. ఎత్తు స్ట్రక్చర్‌కు ఖర్చు ఎక్కువే, అయినా మేం ఎనిమిది అడుగులు లేపించాం. మా అమ్మ ఇప్పటికీ మిద్దె మీదే మిరపకాయలు ఎండబెడుతుంది, వడియాలు పెడుతుంది. పలకలు ఆ చోటు లాక్కుంటే ఇంట్లో ఎవరికీ సంతోషం ఉండేది కాదు.

నేను దెబ్బతిన్నది నీడ దగ్గర. మాకు పెట్టినవాళ్లు ఉదయం పదింటికి వచ్చి కొలతలు తీసుకుని వెళ్లారు. మధ్యాహ్నం మూడు దాటితే పక్కింటి నీళ్ల ట్యాంకు నీడ చివరి రెండు పలకల మీద పడుతుందని వాళ్లు చూడలేదు, నాకు తెలియలేదు. పలకలన్నీ ఒకే వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి రెండింటి మీద నీడ పడితే మిగతా వాటి దిగుబడీ తగ్గింది. రోజుకు 12 రావాల్సినవి 9 దగ్గర ఆగాయి. రెండు నెలలు వాళ్ల చుట్టూ తిరిగాను. చివరికి సొంత డబ్బు రూ.14,000 పెట్టి రెండు పలకలు తూర్పు వైపు జరిపించుకున్నాను. ఆ నీడను ఒక్కరోజు గమనించి ఉంటే సరిపోయేది. డిసెంబరు నెలలో సూర్యుడు దక్షిణానికి బాగా వాలి, నీడలు పొడవుగా పడతాయి. ఉదయం తొమ్మిదికి, పన్నెండుకు, నాలుగుకు మిద్దె ఎక్కి సుద్దముక్కతో నీడ అంచు గీసుకోండి. వేరే నెలలో చూస్తుంటే ఆ గీతలకు ఇంకా కొంచెం ఎడం వదలండి.

దుమ్ము సంగతి ఊరిని బట్టి. మాది ఒంగోలు, చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే దారికి దగ్గర. పది రోజులకే పలకల మీద వేలితో పేరు రాసేంత తెల్ల పొడి పేరుకుంటుంది. సూర్యుడు రాకముందే బకెట్ నీళ్లు, మెత్తటి గుడ్డ పట్టుకుని ఎక్కుతాను. కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పోయకూడదు. బోరు నీళ్లయితే తడి ఆరకముందే తుడిచేయాలి, లేకపోతే ఉప్పు చారలు ఉండిపోతాయి. కడిగిన మర్నాడు యాప్‌లో ఒక యూనిట్ ఎక్కువ చూపిస్తుంది. కోతుల బెడద ఉన్న ఊళ్లలో పలకల మధ్య కేబుళ్లు వేలాడకుండా పైపులో వేయించండి.

అప్పు తీసుకోవాలా అని అడిగేవాళ్లకు నా జవాబు, 2 కిలోవాట్ల వరకు తీసుకోవచ్చు. ఈ పథకం కింద బ్యాంకు వడ్డీ 6 శాతం చుట్టుపక్కల ఉంది. రూ.80,000కు అయిదేళ్ల ఈఎంఐ దాదాపు రూ.1,550. 300 యూనిట్ల ఇంట్లో నెలకు మిగిలేది రూ.1,526. ఇప్పటిదాకా డిస్కంకు కట్టిందే బ్యాంకుకు కడతారు, అయిదేళ్ల తర్వాత అదీ ఉండదు. అయితే సబ్సిడీ పని పూర్తయ్యాక మీ ఖాతాలో పడుతుంది కాబట్టి మొదట మొత్తం సర్దుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు సొంత మిద్దె లేదని వదిలేయక్కర్లేదు. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్ల వంటి ఉమ్మడి వాడకానికి సంఘం పేరిట పెట్టుకుంటే కిలోవాట్‌కు రూ.18,000 సబ్సిడీ ఉంది.

మా అక్క చివరికి 2 కిలోవాట్లకే ఒప్పందం చేసుకుంది. డబ్బు మూడు దఫాలుగా ఇస్తానని, చివరి దఫా నెట్ మీటర్ బిగించి, గ్రిడ్‌కు పంపిన యూనిట్లు అందులో నమోదవడం కళ్లతో చూశాకే ఇస్తానని కాగితం మీద రాయించుకుంది. అయిదేళ్ల ఉచిత నిర్వహణలో ఏడాదికి ఎన్నిసార్లు వస్తారో కూడా అందులోనే రాయించింది. బావగారు నిన్న సుద్దముక్క పట్టుకుని మిద్దె ఎక్కారట.